సావిత్రి ఫొటోల పుస్తకం కొనవచ్చా?

హనుమకొండ దుకాణంలో చూసిన సావిత్రి ఫొటోల పుస్తకంలో బొమ్మలు మసకగా ఉన్నాయి, కొనవచ్చా అని మీరు అడిగారు. తప్పు ముద్రణది కాకపోవచ్చు. షూటింగులో విడిగా ఫొటో కెమెరాతో తీసిన స్టిల్ ఫొటోలకు బదులు, సినిమా రీలులోని ఒక్కో బొమ్మను, అంటే ఫ్రేములనే, పెద్దవి చేసి వేసి ఉంటారు.

1. భూతద్దంతో కళ్ల దగ్గర చూడండి. మంచి స్టిల్ అయితే కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా తెలుస్తాయి. ఫ్రేము అయితే కాటుకలో కలిసిపోతాయి.

2. చాలామంది వదిలేసేది ఫొటో కింది వాక్యం. సినిమా పేరు, సంవత్సరం, ఫొటో తీసినవారి పేరు ఉన్నాయా? ‘మాయాబజార్’ 1957లో నలుపు తెలుపుల్లో వచ్చింది. రంగులద్దిన ప్రతి విడుదలైంది 2010లో. రంగుల శశిరేఖ కింద వట్టి 1957 అని ఉంటే, కూర్చినవారు శ్రద్ధ పెట్టలేదన్నమాటే. అంతటి నటికి అది అన్యాయం.

3. రెండు పేజీల ఫొటోలో ముఖం కుట్టు మడతలో పడితే కొనకండి.