ఘాట్ దిగే బండికి బ్రేకులు: అబ్బాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అబ్బాయికి,

పాత థార్ కొన్నావు, పెద్ద టైర్లు వేయించావు, చాలా సంతోషం. కానీ రొయ్యల గుంటల దగ్గర బ్రేకు తొక్కితే గరగరమంటోందన్నావు. అదే ఫోన్‌లో, వచ్చే నెల స్నేహితులతో చిట్వేలు పోయి రాపూరు ఘాట్ మీదుగా తిరిగొస్తానన్నావు. ఆ రెండు మాటలూ కలిపి చూసుకుంటే రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నా.

ఆ ఘాట్‌లో నాకు ఒకసారి బ్రేకు పట్టలేదు. జీపు నిండా మామిడికాయల బుట్టలు, వెనక మీ పెద్దమ్మ. అంతకు వారం ముందే చవగ్గా వచ్చాయని ఒక షాపులో బ్రేకు ప్యాడ్లు, అంటే చక్రంతో తిరిగే డిస్క్‌ను నొక్కి ఆపేవి, కొని వేయించా. కొన్ని మలుపులు దిగేసరికి కాలిన వాసన మొదలైంది. పెడల్ రాయిలా గట్టిగానే ఉంది, బలమంతా పెట్టి తొక్కుతున్నా, బండి మాత్రం జారిపోతానే ఉంది. గేరు తగ్గించుకుంటూ కొండ వైపు మట్టి గట్టుకు ఆనించి ఆపా. దిగి చూస్తే ముందు చక్రాల్లోంచి పొగ. మీ పెద్దమ్మ ఏమీ అనలేదు. నీళ్ల చెంబు నా చేతికిచ్చింది. ఆమె చెయ్యి వణుకుతా ఉంది.

పెడల్ గట్టిగా ఉండి బండి ఆగకపోతే తప్పు ప్యాడ్‌ది. వేడికి అందులోని జిగురు కాలి పట్టు పోతుంది. పెడల్ మెత్తగా లోపలికి పోతే బ్రేక్ ఆయిల్ మరిగిందని అర్థం. ఈ తేడా తెలిస్తే ఏం మార్చాలో నీకే తెలుస్తుంది.

షాపులో మూడు రకాలు చూపిస్తారు. ఆర్గానిక్ మెత్తగా, చప్పుడు లేకుండా ఉంటుంది, తొందరగా అరిగిపోతుంది, వేడికి త్వరగా లొంగుతుంది. సిరామిక్ ఖరీదు ఎక్కువ. దుమ్ము తక్కువ, చప్పుడు తక్కువ, ఊళ్లో తిరిగే కారుకు బాగుంటుంది. నీకు కావాల్సింది సెమీ మెటాలిక్. అందులో ఇనుప పీచు, లోహపు పొడి కలుస్తాయి కాబట్టి వేడి తట్టుకుంటుంది, బురదలో పట్టు నిలుస్తుంది. కాస్త చప్పుడు చేస్తుంది, డిస్క్‌ను కూడా కొంచెం ఎక్కువే తింటుంది. ఆ నష్టం నువ్వు భరించు నాయనా. డిస్క్ మళ్లీ కొనుక్కోవచ్చు.

ప్యాడ్ అంచున గానీ వెనక రేకు మీద గానీ అచ్చు వేసిన వరుస ఒకటి ఉంటుంది. దాని చివర ఎఫ్ఎఫ్, జీఎఫ్ లాంటి రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయేమో వెతుకు. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాగినప్పటి పట్టు. రాపిడి లెక్కలో ‘ఈ’ అక్షరం అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. మొదటి దానికన్నా రెండోది తక్కువ అక్షరమైతే వేడెక్కేకొద్దీ పట్టు సడలుతుందని అర్థం. నీ బండికి రెండోది ఎఫ్‌కు తగ్గకుండా చూసుకో. అచ్చు చెరిగిపోయి, పెట్టె మాత్రం తళతళలాడే సరుకు ఎంత చవకైనా ముట్టుకోవద్దు. నేను ఆరోజు కొన్నవి అలాంటివే.

ఇక డిస్క్. నువ్వు ఫోటో పంపిన చిల్లుల డిస్క్ నీ దారికి పనికిరాదు. గుంట గట్ల మీది జిగట బంకమట్టి ఆ చిల్లుల్లో దూరి గట్టిపడుతుంది. చిల్లు అంచు దగ్గరే పగుళ్లు కూడా పుడతాయి. గాడులు కోసినది కొంత నయం, మట్టిని బయటికి తోస్తుంది, కానీ ప్యాడ్‌ను తొందరగా అరగదీస్తుంది. నన్నడిగితే కంపెనీ కొలతకు సరిపోయే సాదా డిస్కే తీసుకో. కొలత అంటే వెడల్పు ఒక్కటే కాదు, మందం, నడుమ టోపీలా ఉబ్బిన భాగం ఎత్తు కూడా కలవాలి. ఛాసిస్ నంబరు రాసుకుని పో.

ఇప్పుడున్న డిస్క్ మార్చాలా వద్దా అనేది కంటితో తేల్చొద్దు. చక్రం విప్పి, గోరుతో లోపలి నుంచి అంచు వైపు గీసుకుంటూ రా. గోరు ఒక గట్టుకు తగులుతుంది చూడు, అరుగుదలంటే అదే. ఆ గట్టు మీద వెర్నియర్ పెడితే తప్పు కొలత వస్తుంది. మైక్రోమీటర్‌తో అరిగిన చోటే మూడు నాలుగు వైపులా కొలిపించు. డిస్క్ మీద కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. లేత్‌లో ఫేసింగ్, అంటే పైపొర చెక్కి చదును, చేయించాక కూడా ఆ అంకెకు పైన మిగిలితేనే చేయించు, లేకపోతే కొత్తది వెయ్యి. పగులు కనిపిస్తే మాత్రం ఆలోచనే వద్దు. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చేయాల్సిందే. ఏది మార్చినా ముందు రెండు చక్రాలకూ కలిపి మార్చు, లేదంటే బండి ఒక పక్కకు లాగుతుంది.

నువ్వుండేది కావలి. తుమ్మలపెంట గాలిలో ఉప్పుంది, గుంటల నీళ్లలో ఉప్పుంది. డిస్క్ కూర్చునే హబ్ ముఖం మీద తుప్పు పొరలు కడుతుంది. దాన్ని వైర్ బ్రష్‌తో తళతళలాడేలా రుద్దకుండా కొత్త డిస్క్ బిగిస్తే అది వంకరగా కూర్చుంటుంది. కొన్నాళ్లకు బ్రేకు తొక్కితే స్టీరింగ్ ఊగుతుంది. అప్పుడు డిస్క్ వంగిందని ఇంకో జత అమ్ముతారు. ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ పిన్నులు కూడా బయటికి తీసి, తుడిచి, వేడికి కరగని సిలికాన్ గ్రీజు రాయమను. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. పిన్ను పట్టేసిందంటే ఒక ప్యాడే అరుగుతుంది. నీ గరగరకు కారణం అదే కావచ్చు, రెండు ప్యాడ్ల మందం పోల్చి చూడు. గుంటల నుంచి వచ్చిన రోజు మంచినీళ్లతో కడిగి, ఇంటి ముందు ఆపే ముందు రెండు వీధులు తిప్పి బ్రేకు తొక్కి ఆరబెట్టు.

వెనక డ్రమ్ముల్లో చేరిన ఇసుకను కూడా తీయించు, అక్కడ ప్యాడ్ల పని చేసే లైనర్లు చూపించు.

బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. రెండేళ్లకోసారి మార్చు. పాత బండి కదా, ముందు యజమాని ఎప్పుడు మార్చాడో అనుకుని ఇప్పుడే మార్చెయ్యి. డాట్ 5 మాత్రం పోయొద్దు, అది సిలికాన్ ఆయిల్, దీంతో కలవదు.

కొత్త డిస్క్‌కు తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది. బ్రేక్ క్లీనర్‌తో తుడిచాకే బిగించాలి. తర్వాత తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, 50 నుంచి 10 కిలోమీటర్ల వేగానికి మెల్లగా తగ్గిస్తూ ఇరవై ముప్పై సార్లు తొక్కు. మధ్యమధ్య కాస్త నడిపి చల్లారనియ్యి. వేడిగా ఉన్నప్పుడు బండి నిలిపి పెడల్ తొక్కి పట్టుకోవద్దు.

టైర్లు పెద్దవయ్యాయి కాబట్టి ఎంత మంచి ప్యాడ్ వేసినా పాత పట్టు పూర్తిగా రాదు. ఘాట్ మొదట్లోనే గేరు తగ్గించి ఇంజిన్‌తో దింపు. కొండదారిలో రాళ్ల మీద దిగేటప్పుడైతే లో రేంజ్ వెయ్యి.

ప్యాడ్లు కొనేముందు అంచున ఉన్న అక్షరాలు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. నేను చూశాక డబ్బులిద్దువు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న, పొదిలి