గేర్ లైటు వెలగలేదా? నాబ్ జోలికి వెళ్లే ముందు...

ప్రశ్న: సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) శిక్షణలో ఉన్నాను. సెస్నా 172 మీద 160 గంటలు ఎగిరాను. వచ్చే నెల రెండు ఇంజిన్ల పైపర్ సెనెకా మీద మల్టీ ఇంజిన్ శిక్షణ మొదలవుతుంది. ‘గేర్ (చక్రాలు) దించాక, అవి దిగి లాక్ అయ్యాయని చూపే మూడు గ్రీన్ లైట్లకు రెండే వెలిగితే ఏం చేస్తావ్?’ అని వైవాలో (మౌఖిక పరీక్షలో) అడిగారు. గేరును అత్యవసరంగా దించే ఎమర్జెన్సీ నాబ్ లాగుతానన్నాను. పెదవి విరిచారు. ఎక్కడ తప్పాను? - ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: మీ 172లో చక్రాలు లోపలికి పోవు కాబట్టి ఈ తలనొప్పి మీకు కొత్త. నాబ్ లాగడం తప్పు కాదు. అది మొదటి పని కాదు, అంతే.

ముందు సర్క్యూట్ (దిగడానికి రన్‌వే చుట్టూ తిరిగే దారి) వదిలి సురక్షితమైన ఎత్తుకు వెళ్లాలి. టవర్‌కు చెప్పాలి, ఇంధనం ఎంతుందో చూసుకోవాలి. 1972 డిసెంబరు 29న మయామీ దగ్గర ఈస్టర్న్ 401 విమానంలో ముక్కు గేరు బల్బు మాడిపోయింది. సిబ్బంది అంతా ఆ బల్బు మీదే పడ్డారు, ఎత్తు తగ్గుతున్న సంగతి ఎవరూ గమనించలేదు. 101 మంది చనిపోయారు. పరీక్షకులు ఈ ప్రశ్నతో చూసేది ఇదే: మీ కళ్లు బల్బు మీదా, ఎత్తు చూపే ఆల్టీమీటర్ మీదా?

తర్వాత లైటు సంగతి. మాస్టర్ (కరెంటు ప్రధాన స్విచ్) ఆన్‌లో ఉందా? సర్క్యూట్ బ్రేకర్ (ఎక్కువ కరెంటు పారితే బయటికి పొడుచుకొచ్చే బటన్) బయటికి వచ్చిందా? వస్తే ఒక్కసారే నొక్కండి, మళ్లీ వస్తే వదిలేయండి. పగటిపూట ప్యానెల్ లైట్లు ఆర్పండి. అవి వెలుగుతుంటే గేర్ లైట్లు మసకబారి, ఎండలో ఆరిపోయినట్టే కనిపిస్తాయి. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. వెలుగుతున్న బల్బు తీసి వెలగని చోట పెట్టి చూడండి.

అప్పటికీ గ్రీన్ రాకపోతేనే నాబ్. సెనెకాలో గేరును పైన పట్టి ఉంచేది హైడ్రాలిక్ ఒత్తిడే. నాబ్ లాగితే ఆ ఒత్తిడి పోయి, గేరు సొంత బరువుతో జారుతుంది, ముక్కు గేరుకు స్ప్రింగులు తోడవుతాయి. అందుకే కరెంటు పూర్తిగా పోయినా దిగుతుంది. వేగం మాత్రం హ్యాండ్‌బుక్ చెప్పిన హద్దులోకి తేవాలి, లేకపోతే ఎదురుగాలి దాన్ని లాక్ అయ్యేదాకా రానివ్వదు. గేర్ లివర్ డౌన్‌లో పెట్టి నాబ్ లాగండి, లాగాక వెనక్కి నెట్టకండి.

టవర్ ముందు నుంచి తక్కువ ఎత్తులో వెళ్తే చక్రాలు కిందికి ఉన్నాయో లేదో వాళ్లు చెప్పగలరు. లాక్ అయ్యాయో లేదో చెప్పలేరు. ‘దిగాయి’ అన్నారని నిశ్చింతగా ఉండకండి.

ముక్కు గేరు మీద నమ్మకం లేకపోతే ముందు మెయిన్ చక్రాల మీద దిగి, ఎలివేటర్‌తో ముక్కును వీలైనంత సేపు పైకి పట్టండి. బ్రేకు ముట్టుకోవద్దు. ప్రొపెల్లర్లు కాపాడుకుందామని గాల్లోనే ఇంజిన్లు ఆపేస్తానని మాత్రం వైవాలో అనకండి. రన్‌వే అందకపోతే ఏం చేస్తావన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

ఈ నెలంతా రోజూ పది నిమిషాలు హ్యాంగర్‌లో సెనెకా సీట్లో కూర్చోండి. మాస్టర్, బ్రేకర్లు, ప్యానెల్ లైటు స్విచ్, బల్బులు, లివర్, నాబ్ ఈ వరుసలో వేలు పెట్టి చూపుతూ పైకి చెప్పండి. నేల మీద నాబ్‌ను చూపితే చాలు, లాగొద్దు.