ఛాతీలో క్లాంప్ మరిచారు... గడువు దాటిపోయినట్టేనా?

సందేహం: మా నాన్నగారికి 2 ఏళ్ల 8 నెలల క్రితం ఓ ప్రైవేటు ఆసుపత్రిలో బైపాస్ చేశారు. బిల్లు 4 లక్షల 20 వేలు మేమే కట్టాం. పోయిన నెల దగ్గు తగ్గక ఎక్స్‌రే తీయిస్తే, ఆపరేషన్‌లో రక్తనాళాన్ని కాసేపు మూసి ఉంచే చిన్న క్లాంప్ లోపలే ఉందన్నారు. ఆసుపత్రివాళ్లేమో 'రెండేళ్లు దాటాయి, కేసు నిలవదు' అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆ మాట విని ఆగిపోకండి. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు 2 ఏళ్ల గడువున్న మాట వాస్తవమే. కానీ లోపల ఏదో ఉండిపోయిందని రోగికి తెలిసే దారి లేనప్పుడు, తెలిసిన రోజు నుంచే గడువు లెక్కించాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. కడుపులో గాజుగుడ్డ వదిలేసిన కేసు అది. అయినా ఆ బాధితురాలు ఓడిపోయారు. 1993లో ఆపరేషన్ అయినప్పటి నుంచీ నొప్పి ఉన్నా ఆ డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లలేదన్నది కోర్టు తప్పుపట్టిన విషయం. అందుకే నాన్నగారు ఎప్పుడైనా ఛాతీ నొప్పని అక్కడికి వెళ్లి ఉంటే ఆ ఓపీ చీటీలన్నీ వెతికి పెట్టుకోండి.

ముందు ఫిల్మును మరో ఆసుపత్రిలో గుండె సర్జన్‌కు చూపించండి. నాన్నగారి ప్రాణం కేసు కంటే ముఖ్యం. రొమ్ము ఎముకను కుట్టిన స్టీలు తీగలు, నాళాల కొమ్మలకు వేసిన బుల్లి క్లిప్పులు శాశ్వతంగా ఉంచేవే, అవి తప్పు కాదు. కనబడుతున్నది తీసేయాల్సిన క్లాంపేనని రేడియాలజిస్టు రిపోర్టులో స్పష్టంగా రాయించుకోండి. మీ కేసంతా ఈ ఒక్క వాక్యం మీదే నిలబడుతుంది.

రికార్డుల కోసం బైపాస్ చేసిన ఆసుపత్రిని ఇవాళే రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోండి. 72 గంటల్లో ఇవ్వాలి. మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు 3 ఏళ్లు దాచితే చాలు, మీకు మిగిలింది నాలుగు నెలలే. ఆపరేషన్ నోట్స్‌తో పాటు పరికరాలు లెక్కపెట్టిన కౌంట్ షీటు కూడా అడగండి.

ఫిర్యాదు మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. మీరు కట్టింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు. ఆలస్యమైందని వాదిస్తారేమో, కారణం వివరిస్తూ ఆ 69వ సెక్షన్ కిందే ఆలస్యం మన్నింపు అర్జీ కూడా జత చేయండి.

క్లాంప్ తీసేయాల్సి వస్తే, ఆ విషయం నోట్స్‌లో రాయించి, ఫోటో తీయించి, వస్తువును సీలు వేసి మీకు ఇవ్వమని ఆపరేషన్‌కు ముందే కాగితం మీద అడగండి.