గ్యారేజీలో స్ప్రే బాటిళ్లు రెండు నెలలకే పోతున్నాయి, ఎలాంటివి కొనాలి?

మీరు గ్రీజు వదిలించే డీగ్రీజర్‌కి, గ్లాస్ క్లీనర్‌కి, టైర్ పాలిష్‌కి, చెయిన్ కడిగే డీజిల్‌కి కలిపి ఒకే రకం స్ప్రే బాటిళ్లు అరడజను తెచ్చుకున్నారు, రెండు నెలలు తిరక్కుండానే సగం పని మానేశాయి, కాస్త ఖరీదైనవి కొంటే నిలుస్తాయా అని అడిగారు. నేను విజయవాడ ఆటోనగర్‌లో తొమ్మిదేళ్లుగా వాటర్ సర్వీసింగ్ షెడ్డు నడుపుతున్నాను. రేటు ఒక్కటే చూసి కొంటే ఖరీదైనవీ నిలవవు. బాటిల్‌కి మామూలుగా ఏమీ కాదు, పోయేది దాదాపు ఎప్పుడూ పైనుండే తలే, అంటే నొక్కి కొట్టే ట్రిగ్గర్ భాగం. అది కూడా మనం కొట్టేటప్పుడు కాదు, పని అయిపోయాక లోపల మందు అలాగే నిలవుండిపోయి రాత్రిళ్లు పాడవుతుంది.

మొదట్లో మేమూ పాడైనవి పాడైనట్టు పారేసి కొత్తవి తెచ్చేవాళ్లం. ఒక ఆదివారం ఖాళీగా ఉండి మూడు తలలు విప్పి చూశాను. డీగ్రీజర్ దాంట్లో స్ప్రింగ్ తుప్పు పట్టి రెండు ముక్కలైంది. డీజిల్ దాంట్లో రబ్బరు వాషర్ నానబెట్టిన శనగగింజలా ఉబ్బిపోయి పిస్టన్‌ని కదలనివ్వట్లేదు. గ్లాస్ క్లీనర్ దాంట్లో అన్నీ బాగానే ఉన్నాయి గానీ నాజిల్ రంధ్రంలో తెల్లటి ఉప్పు గట్టిపడింది, ఎందుకంటే మా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, మందు వాటితోనే కలిపేవాళ్లం. మూడింటికీ మూడు వేర్వేరు జబ్బులు. అందుకే ఏ మందుకి ఏ తల అన్నది ముందు తేల్చుకోవాలి.

నీళ్లలో కలిపే సబ్బు మందులు, డీగ్రీజర్లకి ఈపీడీఎం రబ్బరు వాషర్ ఉన్నది సరిపోతుంది, క్షారాలని అది బాగా తట్టుకుంటుంది. కానీ దానికి డీజిల్, కిరోసిన్, పెట్రోలియం కలిసిన పాలిష్ తగిలితే ఉబ్బిపోతుంది. వాటికి వైటాన్ లేదా నైట్రైల్ అనే రబ్బరు సీల్ ఉన్నది అడగండి. యాసిడ్ ఉన్న వీల్ క్లీనర్‌కి కూడా వైటానే నయం, పైగా స్ప్రింగ్ మందుకి తగలకుండా బయటివైపు ఉండే తల దొరికితే ఇంక ఆలోచించకుండా తీసుకోండి. పెట్రోల్, థిన్నర్ మాత్రం ఏ బాటిల్లోనూ పోసి కొట్టొద్దు, తుంపర గాల్లో కలిస్తే చిన్న నిప్పురవ్వ చాలు. డీజిల్ కూడా నేనిప్పుడు స్ప్రే చేయడం మానేసి చెయిన్‌కి బ్రష్‌తోనే రాస్తున్నాను.

బాటిల్ విషయానికొస్తే అడుగున త్రిభుజంలో 2 అని ఉంటే హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్, మన పనులకి అదే మేలు. 1 అని ఉంటే పెట్ ప్లాస్టిక్, అద్దంలా కనిపిస్తుంది, గ్లాస్ క్లీనర్‌కి బాగుంటుంది గానీ ఘాటైన కాస్టిక్ డీగ్రీజర్ అందులో నిలవుంచొద్దు. తల విడిగా కొనేటప్పుడు మర చూసుకోండి. 28/400 అనీ 28/410 అనీ రెండు ఉంటాయి, మూతి రెండింటికీ 28 మిల్లీమీటర్లే గానీ మర చుట్టు తేడా, ఒకదాని మీద ఇంకోటి బిగిసినట్టే అనిపించి మెడ దగ్గర కారుతుంది. నేనైతే ఖాళీ బాటిల్ తీసుకెళ్లి షాపులోనే బిగించి, నీళ్లు పోసి, పడుకోబెట్టి చూసి తెచ్చుకుంటాను.

ఇంటికి తెచ్చాక ఒక చిన్న పని ఉంది, చాలామంది చేయరు. లోపలి పైపు పొడుగెక్కువై అడుగుకి ఆనుకుంటే మందు సరిగ్గా పైకి లాగదు. చివర ఏటవాలుగా కత్తిరించి, దాని వంపు నాజిల్ వైపుకి తిరిగేలా పెట్టండి. కొట్టేటప్పుడు బాటిల్‌ని ముందుకే వంచుతాం కదా, ఆఖరి చుక్క అక్కడికే చేరుతుంది.

ఇక రోజూ చేసేది: పని అయ్యాక మందు మామూలు సీసాలోకి తిరిగి పోసేసి, మంచినీళ్లు పోసి పదిసార్లు నొక్కండి, తర్వాత ఖాళీగా నొక్కి లోపలి నీళ్లు కూడా కక్కించండి. అన్నిటికీ ఓపిక లేకపోతే యాసిడ్, డీగ్రీజర్ బాటిళ్లకైనా చేయండి. మా షెడ్డులో ఇది మొదలెట్టాక డీగ్రీజర్ తల ఏడాదిన్నర దాటింది, అదే రకం తల ఇంతకుముందు మూడు నెలలు కూడా రాలేదు. మందు కలపడానికి ఆర్‌ఓ నీళ్లు వాడితే ఉప్పు బాధ ఉండదు. నొక్కినప్పుడు బాటిల్ డొక్కలు లోపలికి పోతుంటే గాలి రంధ్రం మూసుకుపోయిందని అర్థం, వేడినీళ్లతో కడిగితే తెరుచుకుంటుంది.

బ్లీచింగ్ నీళ్లు మూత బిగించి దాచొద్దు, గ్యాస్ పడుతుంది. బ్లీచింగ్ పోసిన దాంట్లో యాసిడ్ అసలు పోయొద్దు, క్లోరిన్ వస్తుంది, మూసి ఉన్న గ్యారేజీలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంకొకటి, దయచేసి వినండి. ఏ మందునీ కూల్‌డ్రింక్ బాటిల్లో పెట్టొద్దు. మా దగ్గర ఒకసారి అలా పెట్టిన వీల్ క్లీనర్‌ని సర్వీసింగ్‌కి వచ్చినవాళ్ల పిల్లాడు మూత తీసి నోటిదాకా తీసుకెళ్లాడు, వాళ్లమ్మ చెయ్యి పట్టి లాగేసింది. ఆ సాయంత్రం షెడ్డులో ఉన్న అలాంటి బాటిళ్లన్నీ తీసేశాను. ఇప్పుడు ప్రతి బాటిల్ మీదా మార్కర్‌తో పేరు, కలిపిన తేదీ రాసి, పైన పారదర్శక టేపు చుట్టేస్తాం, లేకపోతే డీగ్రీజర్ అంటిన చేత్తో పట్టుకుంటే ఆ రాత నిలవదు.

మీ దగ్గర ఆగిపోయినవి ఇప్పుడే పారేయకండి. ముందు బాగా నీళ్లతో కడిగి, గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా నిమ్మఉప్పు కలిపి తలల్ని రాత్రంతా నానేయండి, పొద్దున అదే నీళ్లు పీల్చేలా నొక్కి చూడండి. బ్లీచింగ్ వాడిన తల ఉంటే మాత్రం దాన్ని ఇందులో వేయకండి. గ్లాస్ క్లీనర్‌వి బాగుపడే అవకాశం ఎక్కువ. డీజిల్ పోసిన దాని వాషర్ ఉబ్బి ఉంటే ఇక లాభం లేదు, తల ఒక్కటే మార్చుకోండి, బాటిల్ ఉంచేసుకోండి.