రాజధాని ఊపు చూసి ఫ్లాట్ కొనొచ్చా?

ప్రశ్న: పోరంకిలో రెండు పడకగదుల పాత ఫ్లాట్ 55 లక్షలకు వస్తోంది. అద్దెకిద్దామని ఆలోచన. 14 వేలు వస్తుందంటున్నారు. అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి కదా, ఇప్పుడే కొనేయమంటారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు అద్దె లెక్క చూద్దాం. ఏడాదికి 1,68,000. ఒక నెల ఖాళీ, ఇంటిపన్ను, చిన్నాచితకా రిపేర్లు పోగా మిగిలేది 1,40,000 దాకా. అంటే రెండున్నర శాతం. 44 లక్షల లోన్ 8.5% వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ 38,200 దగ్గర పడుతుంది. 14 వేల అద్దె వచ్చినా నెలనెలా 24 వేలు మీ జీతంలోంచి పొయ్యాలి. ధర బాగా పెరిగితే తప్ప గిట్టదు.

పెరుగుతుందా? 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చి అమరావతి పనులు ఆగాక ఏమైందో బెజవాడ వాళ్లకు చెప్పక్కర్లేదు. 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా పనులు మళ్లీ మొదలైన మాట నిజమే. కానీ సైట్లో పనిచేసే కూలీలు మీ ఫ్లాట్‌కి అద్దెకు రారు. వచ్చేది ఇక్కడే నెలజీతం అందుకునేవాళ్లు: ఆస్పత్రి సిబ్బంది, కాలేజీ లెక్చరర్లు, బ్యాంకు వాళ్లు, బదిలీ మీద వచ్చిన ప్రభుత్వోద్యోగులు. హైదరాబాద్, బెంగళూరు జీతాలతో పిల్లలు ఇక్కడ కొనే ఫ్లాట్లు ధరను లేపుతాయి గానీ అద్దెను లేపవు. పైగా అవీ 'టు లెట్' బోర్డుతో మీకు పోటీకొస్తాయి.

అందుకే సెల్లార్లో కరెంటు మీటర్ల ఫోటో తీసుకోండి, వారం తర్వాత మళ్లీ చూడండి. ఇరవై ఫ్లాట్లలో ఆరేడింటి రీడింగు కదలకపోతే అవి ఖాళీగా ఉన్నట్టే, 14 వేల మాట నమ్మొద్దు. వాచ్‌మన్ కన్నా మీటరే నయం. అద్దె కోసమే అయితే మా సలహా: వద్దు.

కొనాలనే అనుకుంటే, ధర 50 లక్షలు దాటింది కాబట్టి 1% టీడీఎస్ (అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి ముందే కోసే ఆదాయపన్ను) మీరే పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవారు ఎన్నారై అయితే అది చాలా ఎక్కువ. ఆడిటర్‌ని అడగకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

ప్రశ్న: గుంటూరు గోరంట్లలో కడుతున్న ఫ్లాట్, 42 లక్షలు. బిల్డర్ 5% జీఎస్టీ అడుగుతున్నాడు. సగం ముందే ఇస్తే తగ్గిస్తానంటున్నాడు.

జవాబు: కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాట్ లోపల మీరు వాడుకునే నేల, 90 చదరపు మీటర్ల లోపు (సుమారు 968 చదరపు అడుగులు), పార్కింగ్‌తో సహా మొత్తం ధర 45 లక్షల లోపు ఉంటే జీఎస్టీ 1 శాతమే. 2,10,000 బదులు 42,000. బిల్డర్ చెప్పే అడుగుల్లో గోడలు, మెట్లు, కారిడార్ అన్నీ కలిసుంటాయి, కార్పెట్ కొలత విడిగా రాయించుకోండి. ఇక అడ్వాన్సు: రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) ప్రకారం అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా 10 శాతానికి, అంటే 4.2 లక్షలకు మించి తీసుకోకూడదు. సగం అడిగేవాడి చేతిలో సిమెంటుకు డబ్బు లేదని అర్థం.