చెరువు మ్యాప్ గీసే ముందు

చి. శ్రావణికి,
పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఫోన్‌లో పంపిన మన చెరువు బొమ్మ చూశాను. పడమటి పక్క ఎర్ర గీతతో చుట్టి ‘ఇదంతా ఆక్రమణ’ అని రాశావు. దాన్ని ఇంకెవరికీ పంపొద్దమ్మా, ఈ ఉత్తరం చదివేదాకా ఆగు. నీ ఆత్రం తప్పు కాదు. ఆ చెరువు కింద పండిన బియ్యం తిని పెరిగినవాణ్ణి, నాకూ కడుపు మండుతోంది. కానీ తొందరపడి గీసిన గీత ఎంత చేటు చేస్తుందో నాకు తెలుసు.

రిటైరైన కొత్తలో గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల బొమ్మలు చూడటం నేర్చుకున్నాను. రెండు బొమ్మలు పక్కపక్కన ప్రింటు తీయించి, చెరువు మూడో వంతుకు తగ్గిపోయిందని సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టాను. అధికారి బొమ్మల మీద తేదీలు చూశాడు. ఒకటి డిసెంబరుది, ఇంకొకటి మే నెలది. మేలో ఏ చెరువైనా ఎండకుండా ఉంటుందా అన్నాడు. ముప్పై ఏళ్లు సర్వేయరుగా చేసిన నేను నోరెత్తలేకపోయాను. ఆ తర్వాత చెరువుకు నీళ్లు తెచ్చే కాలవను నిజంగానే పూడ్చేస్తున్నారని చెప్పినా నా మాట ఎవరూ పట్టించుకోలేదు. రెండేళ్లు గడిచాయి. ఆ రెండేళ్లలో కాలవ సగం పోయింది.

అందుకే ముందు తేదీ చూడు. మన నెల్లూరు జిల్లాలో పెద్ద వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. చెరువు నిండేదీ అప్పుడే. ఏ ఏడాదిని ఏ ఏడాదితో పోల్చినా డిసెంబరు ఆఖరు, జనవరి మొదటి రోజుల బొమ్మలే తీసుకో. ఆ ఏడాది వాన ఎంత పడిందో పక్కనే రాసిపెట్టుకో, లేకపోతే కరువు ఏడాదిని చూసి ఆక్రమణ అనుకుంటావు. 2015 నవంబరులో, 2021 నవంబరులో వరదలు వచ్చాయి కదా, 2021లో పడుగుపాడు దగ్గర రైలు కట్ట కూడా కొట్టుకుపోయింది. ఆ రెండేళ్ల బొమ్మల్లో నీళ్లు ఎక్కడిదాకా పరుచుకున్నాయో చూడు. చెరువు గర్భం ఎంతో ఒక అంచనా దొరుకుతుంది.

వానాకాలంలో ఒక చిక్కుంది. మామూలు ఉపగ్రహ బొమ్మలో మబ్బు తప్ప ఏమీ కనపడదు. అప్పుడు సెంటినెల్-1 అనే ఉపగ్రహం బొమ్మ చూడు. అది రాడార్‌తో తీస్తుంది కాబట్టి మబ్బు అడ్డం రాదు, నిలకడగా ఉన్న నీళ్లు నల్లగా కనిపిస్తాయి. కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. మబ్బు లేని రోజులకు అక్కడే సెంటినెల్-2 ఉంది. అందులో ఒక్కో గడి, అంటే బొమ్మలోని ఒక్కో చుక్క, నేల మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, అంటే ఎకరానికి సుమారు 40 గడులు. ఐదు సెంట్లంటే రెండు గడులే. అంచు మీద పడిన గడిలో సగం నీళ్లు, సగం నేల ఉంటాయి. కాబట్టి ‘ఫలానా చోట ఐదు సెంట్లు ఆక్రమించారు’ అని దీన్ని చూసి ఎన్నడూ చెప్పకు. ఇంకా పాతకాలానికి పోవాలంటే ల్యాండ్‌శాట్ ఉపగ్రహం బొమ్మలున్నాయి కానీ దాని గడి 30 మీటర్లు, ఎకరానికి నాలుగైదు గడులకు మించి రావు. మార్పు ఎటు జరిగిందో చెబుతుంది, కొలత చెప్పదు.

నీళ్లను రంగు వేసి చూపించే లెక్కలున్నాయని రాశావు. మన వైపు వాటిని గుడ్డిగా నమ్మకూడదు. చెరువు పక్కన రొయ్యల గుంటలు తవ్వితే కంప్యూటర్ వాటినీ నీళ్లకిందే లెక్కేస్తుంది. చెరువు పోయినా మొత్తం నీటి విస్తీర్ణం తగ్గలేదని చూపిస్తుంది. గుంట నాలుగు మూలలతో గట్లు కట్టినట్టు ఉంటుంది, చెరువు అంచు వంకరటింకరగా ఉంటుంది. ఆ తేడా నీ కన్నే పట్టాలి. గుర్రపు డెక్క కమ్మేస్తే దానికి తలకిందులు, కింద నిండా నీళ్లున్నా పైన పచ్చటి పొలంలా కనిపిస్తుంది. నువ్వు ఎర్ర గీత గీసిన చోట నాకు గుర్రపు డెక్కే అనిపిస్తోంది.

ఇంకొక మాట. అందరూ చెరువు గర్భాన్నే చూస్తారు. నా అనుభవంలో చెరువు చచ్చేది పైన కాలవ దగ్గర. మనది గొలుసుకట్టు, అంటే ఒక చెరువు నిండితే కింది చెరువుకు నీళ్లొస్తాయి. పై చెరువు కలుజు (మిగులు నీళ్లు పొర్లే కట్టడం) దూకితేనే మనకు నీళ్లు. కాబట్టి మన తూము నుంచి కాకుండా పై చెరువు కలుజు దగ్గర మొదలుపెట్టి, బొమ్మలో కాలవ వెంట కిందికి రా. గీత సన్నబడిన చోట, రోడ్డు దాటే చోట, లేఅవుట్ రాళ్లు పాతిన చోట గుర్తులు పెట్టు. తర్వాత ఆ గుర్తులన్నిటి దగ్గరికీ నడిచి వెళ్లు. బొమ్మలో తెగిపోయినట్టున్న చోట తుమ్మ కంప కింద కాలవ బాగానే పారుతుండొచ్చు. బాగున్నట్టు కనిపించే చోట తూరను (రోడ్డు కింద నీళ్లు పోయే గొట్టాన్ని) మట్టితో మూసేసి ఉండొచ్చు. ఫోటో తీసేటప్పుడు లొకేషన్ ఆన్‌లో పెట్టు. ఆరుబయట ఫోన్ జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూఇటూ చెబుతుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ.

ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో ఊరి మ్యాపు, ఎఫ్ఎంబీ (సర్వే నంబరు వారీ కొలతల పటం) తీసి ఉపగ్రహ బొమ్మ మీద పరచాలంటే చెట్టునో గుడినో ఆధారంగా పట్టుకోకు. మూడూళ్ల పొలిమేర రాయి పట్టుకో. మేము గొలుసు పట్టుకుని తిరిగిన రోజుల్లోనూ అక్కడి నుంచే సరిచూసుకునేవాళ్లం. గొలుసంటే 66 అడుగులు, పది చదరపు గొలుసులు ఎకరం. ఆ రాయి ఇంకా ఉంది, నేను చూపిస్తాను.

కాలవను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో, అదే జనమే కలిసి గీసే ఆ ఉచిత మ్యాపులో, పెడతానన్నావు, చాలా మంచి పని. గూగుల్ బొమ్మ మీద గీసినది మాత్రం అందులో పెట్టడానికి అనుమతి లేదు. వాళ్ల ఎడిటర్‌లో ఇచ్చే బొమ్మ మీదే గియ్యి. తూముల పేర్లు, వాగు పేర్లు మనవాళ్లు పిలిచే పేర్లే రాయి. నీళ్లు కట్టిన ముసలాళ్లు ఇద్దరే మిగిలారు, వాళ్లను ముందు అడుగు. తుమ్మ చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెట్టిన చోటు మాత్రం ఎక్కడా అందరికీ కనపడేలా పిన్ పెట్టొద్దు. ఆ గుర్తు వేటగాడికీ దారి చూపిస్తుంది.

అర్జీలో మనుషుల పేర్లు రాయకు. సర్వే నంబరు, తేదీ, బొమ్మ, నడిచి తీసిన ఫోటో, ఇవి చాలు. చెరువు గర్భంలో కాస్త దోసకాయలు వేసుకునే ఒంటరి ఆడమనిషి, కాలవ పూడ్చి ప్లాట్లు అమ్మేవాడు ఒకటి కాదు. పేర్లతో మొదలుపెడితే ముందు దెబ్బ తగిలేది ఆమెకే. ఊరుమ్మడి చెరువుల ఆక్రమణ గురించి సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టి తీర్పిచ్చింది, మన రాష్ట్రానికి 2002 నుంచి నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం ఉంది. రెండూ అర్జీలో ఉదహరించు.

సంక్రాంతికి ముందు ఆదివారం వస్తున్నాను. నీళ్లు నిండుగా ఉంటాయి. పొద్దున ఆరింటికల్లా పై చెరువు కలుజు దగ్గరుండు, బూట్లు వేసుకునిరా, కంప ఎక్కువ. ఫోన్ ఛార్జింగ్ నిండా పెట్టుకో.

మీ పెదనాన్న