డబ్లిన్‌లో మూడేళ్ల బాబు: ఐరిష్ ప్రీస్కూల్లో వేయొచ్చా?

ప్రశ్న: మేం ఐర్లండ్‌లో, డబ్లిన్ దగ్గర లూకన్‌లో ఉంటున్నాం. ఇద్దరం ఐటీ ఉద్యోగులం. బాబుకి మూడేళ్లు నిండాయి. దగ్గర్లోని ఐరిష్ మీడియం ప్రీస్కూల్లో సీటు వచ్చింది. ఇక్కడ వాటిని నీయన్‌రా అంటారు. వెళ్లి చూస్తే పుస్తకాల్లేవు, పిల్లలు ఇసుకలో, నీళ్లలో ఆడుకుంటున్నారు. హైదరాబాద్‌లో మా అక్క కూతురు ఇదే వయసులో ఏబీసీడీలు రాస్తోంది. ఐరిష్ వస్తే ముందుముందు మార్కులకీ, గవర్నమెంట్ ఉద్యోగాలకీ పనికొస్తుందని ఫ్రెండ్స్ అంటున్నారు. బాబు ఇబ్బంది పడకూడదని ఇంట్లో కూడా ఇంగ్లిష్ మొదలుపెట్టాం. ఇంగ్లిష్ ప్రీస్కూల్ మంచిదా, ఇది మంచిదా?

జవాబు: రెండూ పోల్చి చెప్తానమ్మా. ముందు మీ అసలు టెన్షన్ సంగతి చూద్దాం. విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులు దేశం పేరు మార్చి, స్కూల్ పేరు మార్చి నన్ను అడిగేది ఒకటే: మావాడు వెనకబడిపోతాడా అని. వెనకబడడు. ఐర్లండ్‌లో పిల్లలు నాలుగో ఏటో ఐదో ఏటో జూనియర్ ఇన్‌ఫెంట్స్‌లో, అంటే ప్రైమరీ స్కూల్ మొదటి క్లాసులో చేరతారు, అక్షరాలు అక్కడ నేర్పుతారు. పుట్టినప్పటి నుంచి ఆరేళ్ల దాకా ఆటే చదువని 2009లో వచ్చిన ఆష్టర్ అనే ప్రణాళిక చెబుతుంది. మన దేశంలో 2020 జాతీయ విద్యా విధానం కూడా చిన్నపిల్లలకి ఆటపాటలతోనే నేర్పమంది. అక్క కూతురు రాస్తోందంటే ఎవరో వేలు పట్టుకుని రాయిస్తున్నారు, అంతే. ఆ పోలిక ఇక్కడితో వదిలేయండి.

మీకు ఉత్తి ఆటలా కనిపించినదాన్ని కాస్త దగ్గర్నుంచి చూడండి. ఒక మూల చిన్న కొట్టు పెడతారు. బల్ల మీద ఖాళీ పాల డబ్బా ఉంటుంది. పిల్లాడు దాన్ని వేలితో చూపిస్తాడు. టీచర్ వాడి ఎత్తుకి వంగి "బాన్యా?" అంటుంది, పాలు కావాలా అని. వాడు తలూపుతాడు. డబ్బులెక్కడ అని ఆవిడ ఐరిష్‌లోనే అడుగుతూ చెయ్యి చాపుతుంది. వాడు ఓ బొత్తాం పెడతాడు. రోజూ ఇదే ఆట. తినేముందు రోజూ "నీ దో లావా" అంటుంది, చేతులు కడుక్కోమని. మొదట్లో పిల్లాడు నోరు విప్పకపోవచ్చు, అది మామూలే. ఇంగ్లిష్‌లోనో తెలుగులోనో జవాబిచ్చినా ఎవరూ కోప్పడరు. ఓ రోజు వాడే "బాన్యా" అంటాడు. ఈ స్కూళ్లకి వచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఐరిష్ మాట్లాడరు, కాబట్టి మీకు రాదని దిగులు పడకండి.

అయితే పిల్లల్ని వాళ్ల మానాన వదిలేస్తే ఐరిష్ రాదు. ఆటలో పడ్డాక వాళ్లలో వాళ్లు ఇంగ్లిష్‌లోకి వెళ్లిపోతారు. అందుకే టీచర్ ఆటలో దిగాలి. మీరు చూడాల్సింది గోడ మీద బొమ్మలు కాదమ్మా, పెద్దవాళ్లు ఎక్కడ కూర్చున్నారన్నది. పిల్లలతో నేల మీద ఉండి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటే మంచి చోటే. దూరంగా నిలబడి "కూర్చో, లే" అని మాత్రమే ఐరిష్‌లో అంటుంటే ఆ సీటు వద్దు. ప్రీస్కూళ్లని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ తుస్లా, వాళ్ల రిపోర్టులు ఆన్‌లైన్‌లోనే ఉంటాయి, అవీ చదవండి.

ఇక మార్కుల మాట. ఇక్కడ నాకు గట్టి అనుమానాలున్నాయి. స్కూల్ చదువు చివర్లో రాసే లీవింగ్ సర్ట్ పరీక్షల్లో ఐరిష్‌లో జవాబులు రాస్తే చాలా సబ్జెక్టుల్లో తెచ్చుకున్న మార్కుల మీద 10 శాతం దాకా బోనస్ ఉన్నమాట నిజం. కానీ 75 శాతం దాటినవాళ్లకి అది తగ్గుతూ పోతుంది. పైగా ఐరిష్ మీడియంలోనే సెకండరీ దాకా చదివితే తప్ప అలా రాయడం మామూలు విషయం కాదు. 2030కల్లా ప్రభుత్వ సంస్థల్లో కొత్తగా తీసుకునేవాళ్లలో 20 శాతం మందికి ఐరిష్ వచ్చి ఉండాలన్న లక్ష్యం ఉంది. ప్రైమరీ టీచర్ కావాలన్నా ఐరిష్ కావాలి. ఇవన్నీ సరే, మూడేళ్లవాడి మెడలో పద్దెనిమిదో ఏటి ఉద్యోగం ఇప్పుడే కట్టడమేంటమ్మా? వాడికి ఏది ఇష్టమో వాడికే తెలీదు. పైగా ఏ స్కూల్లో చేరినా ఐరిష్ ఓ సబ్జెక్టుగా ఎలాగూ చదువుతాడు.

ఈ ప్రీస్కూల్లో చదివితే ఐరిష్ మీడియం ప్రైమరీలో సీటు ఖాయమన్న మాటా నమ్మకండి. ప్రీస్కూల్ ఎక్కడ చదివాడన్నదాన్ని బట్టి సీటివ్వకూడదని 2018 అడ్మిషన్ల చట్టంలోనే ఉంది, అందులో నీయన్‌రాల పేరు కూడా రాశారు.

పోలుస్తానన్నాను కదా, తేడా పెద్దగా లేదు. ఒకే ప్రభుత్వ పథకం కింద రెండూ రోజుకి 3 గంటలు ఉచితమే. పదకొండు మంది పిల్లలకి పెద్దవాళ్లు ఒకరు ఉండాలన్న నియమమూ ఒకటే. ఇంగ్లిష్ టీవీలో వస్తుంది, పార్కులో వస్తుంది, మీరు వద్దన్నా వస్తుంది. రెండేళ్లకి ఇండియా వచ్చేసినా రెండేళ్లు హాయిగా ఆడుకున్నట్టే, నష్టమేమీ లేదు.

మీ ఉత్తరంలో నాకు కోపం తెప్పించింది ఒకటే, ఇంట్లో ఇంగ్లిష్ మొదలుపెట్టడం. వాడికి భయమేసినప్పుడు, అన్నం వద్దని మారాం చేసినప్పుడు మీతో మాట్లాడేది తెలుగులో. అది లాగేసుకుని స్కూల్లో ఇబ్బంది పడకూడదంటే ఎలా? మూడు భాషలు వింటూ పెరిగే పిల్లలు ప్రపంచమంతా ఉన్నారు. ఒక్కోసారి కలిపి మాట్లాడతారు, అంతమాత్రాన కంగారు పడక్కర్లేదు. బాబు వాళ్ల నాన్నకీ ఈ మాట చెప్పండి.

ముందుగా అడిగి ఇంకోసారి వెళ్లి అరగంట కూర్చోండి. టీచర్ ఆటలో కనిపిస్తే సీటు తీసుకోండి. కనిపించకపోతే ఇంటికి దగ్గరున్న ఇంగ్లిష్ ప్రీస్కూల్లో వేయండి. ఏది చేసినా, ఇంట్లో ఇంగ్లిష్ మాత్రం ఇవాళే ఆపేయండి.